యాప్ మూతపడింది, మన డేటా మాటేమిటి? చేవెళ్ల ఎంపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చేవెళ్ల పార్లమెంటు సభ్యులు శ్రీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారికి,

వికారాబాదు, తాండూరు, పరిగి నియోజకవర్గాల ఓటర్లు కూడా ఓటేసి మిమ్మల్ని లోక్‌సభకు పంపారు. ఏ యాప్‌ను దేశంలో నడవనివ్వాలి, దేన్ని ఆపాలి అని తేల్చే అధికారం కేంద్రానిది. కలెక్టరుకో, రాష్ట్ర మంత్రికో రాస్తే వాళ్లు చేయగలిగింది తక్కువ. అందుకే ఈ లేఖ మీకు. 2020లో చైనా యాప్‌లను నిషేధించినప్పుడు గానీ, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చినప్పుడు గానీ మీరు సభలో లేరు. ఇప్పుడున్నారు, అందులోనూ అధికార పక్షంలో ఉన్నారు. పైగా మీరు ఇంజినీరు, సాంకేతిక రంగంలో పనిచేసినవారు. ఫోన్‌లోంచి సమాచారం ఎలా బయటికి పోతుందో మీకు ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు. కాబట్టి సూటిగానే రాస్తున్నాను. యాప్‌ల పేర్లు రాసి నిషేధించుకుంటూ పోయినంత మాత్రాన ప్రజల సమాచారానికి రక్షణ రాలేదు, రాదు కూడా. ఏ సమాచారం తీసుకోవచ్చు, దేనికి వాడుకోవచ్చు, ఎప్పుడు చెరిపేయాలి అన్న నిబంధన అన్ని యాప్‌లకూ, ప్రభుత్వ యాప్‌లతో సహా, ఒకే తీరుగా వర్తించాలి. అలాంటి నిబంధన కాగితం మీద ఉంది కానీ, దాని అమలును 2027 దాకా వాయిదా వేశారు. ఆ వాయిదాను మీరు సభలో నిలదీయాలి.

మొదట నిషేధాల పక్షాన చెప్పాల్సింది చెబుతాను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. వారిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఒకరు. రెండు వారాలకు, జూన్ 29న, కేంద్రం టిక్‌టాక్, హెలో, షేర్‌ఇట్, యూసీ బ్రౌజర్, క్యామ్‌స్కానర్ సహా 59 యాప్‌లను ఆపేసింది. సెప్టెంబరులో పబ్‌జీతో కలిపి 118, నవంబరులో ఇంకో 43. సూర్యాపేటలో ఆ అంతిమయాత్ర చూసిన తెలంగాణకు ఈ నిర్ణయం ఎందుకొచ్చిందో ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. పొరుగు దేశం సరిహద్దులో ప్రాణాలు తీస్తుంటే, ఆ దేశపు కంపెనీల చేతిలో మన పౌరుల సమాచారం పోగుపడుతుంటే, ప్రభుత్వం వెంటనే కదలడం సబబే. నిషేధించే అధికారమే ఉండకూడదని నేను అనడం లేదు. ఆ రోజు ప్రభుత్వం తన ప్రకటనలో చెప్పుకున్న ముఖ్యమైన కారణాల్లో ఒకటి 130 కోట్ల మంది గోప్యత. ఇన్నేళ్లు గడిచాక ఆ ఒక్క కారణాన్నే తీసుకుని లెక్క చూద్దాం.

నిషేధించే నాటికి టిక్‌టాక్‌కు మన దేశంలో దాదాపు 20 కోట్ల మంది వాడకందారులున్నారని అంచనా. వాళ్ల ఫోన్ నంబర్లు, ముఖాలు, గొంతులు, ఎవరితో మాట్లాడారు, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారు, ఏ ఊళ్లో ఉండి చూశారు అన్న వివరాలన్నీ అప్పటికే కంపెనీ సర్వర్లకు చేరిపోయాయి. జూన్ 29 తర్వాత ఆగిపోయింది కొత్తగా చేరేది మాత్రమే. పాతది ఏమైందన్నది తేలలేదు. టిక్‌టాక్, దాని మాతృసంస్థ బైట్‌డాన్స్ ఉద్యోగులు భారతీయుల పాత సమాచారాన్ని ఇంకా చూడగలుగుతున్నారని ఫోర్బ్స్ పత్రిక 2023 మార్చిలో రాసింది. భారత ప్రభుత్వ ఆదేశాన్ని తాము తు.చ. తప్పకుండా పాటిస్తున్నామని కంపెనీ బదులిచ్చింది. విషాదం ఏమిటంటే ఈ రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు. ఐటీ చట్టం 69ఏ సెక్షను కింద ఒక యాప్‌ను ప్రజలకు అందకుండా ఆపవచ్చు. అది పోగుచేసుకున్న సమాచారాన్ని చెరిపించే అధికారం ఆ సెక్షనులో లేదు. తాండూరు పాలిషింగ్ యూనిట్లలో నాపరాయి కోసే కార్మికుడు పని దిగాక పెట్టిన వీడియో అతనికి దక్కకుండా పోయింది, అతని సమాచారం మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఎవరి మేలు కోసమైతే తలుపు మూశారో, ఆ మనిషే బయట నిలబడాల్సి వచ్చింది.

ఆ కార్మికుడు వీడియోలు చేయడం మానేశాడా అంటే అదీ లేదు. నిషేధం వచ్చి పది రోజులు తిరగకముందే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అన్నిటికన్నా ముందు ఇక్కడే ప్రయోగానికి పెట్టింది. జనం అటు తరలిపోయారు. అదే ముఖం, అదే గొంతు, అదే ఊరు ఈసారి మరో దేశపు కంపెనీల సర్వర్లకు చేరాయి. ఆ కంపెనీల చరిత్ర మనకు తెలియనిది కాదు. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో 5.62 లక్షల మంది భారతీయుల సమాచారం పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ 2018లో తానే ఒప్పుకుంది. వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానం మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ.213 కోట్ల జరిమానా వేసింది. పోనీ స్వదేశీ యాప్‌లకు మారితే సరిపోతుందా? 2020 మే, జూన్ నెలల్లో టిక్‌టాక్‌కు మన జవాబుగా లక్షల ఫోన్లలోకి ఎక్కిన ‘మిత్రో’ యాప్‌నే తీసుకోండి. దాని కోడు పాకిస్తానీ డెవలపర్ల దగ్గర కొన్నదని, ఇతరుల ఖాతాల్లోకి తేలిగ్గా దూరగలిగే లోపం అందులో ఉందని అప్పుడే బయటపడింది. కంపెనీ ఏ దేశంలో రిజిస్టరైంది అన్నది చూస్తే సమాచారం ఎంత భద్రంగా ఉందో తెలియదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. చైనా 2017లో చేసుకున్న జాతీయ గూఢచార చట్టం ప్రకారం అక్కడి సంస్థలన్నీ ప్రభుత్వ నిఘా పనికి సహకరించి తీరాలి. అమెరికా కంపెనీ మన సమాచారాన్ని వ్యాపారానికి వాడుకుంటే డబ్బు పోతుంది, చైనా కంపెనీ వాడితే దేశ భద్రత పోతుంది, రెండూ ఒకటెలా అవుతాయి అని అడుగుతారు. ఒకటి కావు, ఒప్పుకుంటాను. వికారాబాదు జిల్లాలో ఈ ప్రశ్న ఎక్కడో దూరానిది కూడా కాదు. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రం అడుగున ఉన్న జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం అది. తమిళనాడు తిరునెల్వేలిలో ఉన్నదాని తర్వాత దేశానికి రెండోది. రేపు అక్కడ పనిచేసే సిబ్బంది, కాంట్రాక్టు కూలీలు, కట్టెలకూ మేతకూ అడవిలోకి వెళ్లే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, అనంతగిరికి వచ్చిపోయే హైదరాబాదు పర్యాటకులు అందరి జేబుల్లోనూ ఫోన్లుంటాయి. కాబట్టి దేశ భద్రత అన్న మాటను ఈ జిల్లావాళ్లు తేలిగ్గా తీసుకోలేరు.

ఇక సైనిక స్థావరాల రహస్యాలు ఎలా బయటపడ్డాయో చూడండి. 2018 జనవరిలో ప్రపంచం నివ్వెరపోయిన ఉదంతం ‘స్ట్రావా’ది. పరుగు, నడక లెక్కపెట్టే అమెరికా యాప్ అది. తన వాడకందారులు ఎక్కడెక్కడ పరుగెత్తారో చూపే పటాన్ని గొప్పగా బయటపెట్టింది. ఎడారుల మధ్య, ఎవరికీ తెలియదనుకున్న అమెరికా సైనిక స్థావరాల ప్రహరీల చుట్టూ సైనికులు తిరిగిన దారులు ఆ పటంలో వెలిగిపోతూ కనిపించాయి. శత్రుదేశపు యాప్ కాదది, సొంత దేశపుదే. మన సైన్యానికి ఈ సంగతి తెలుసు. 2020 జులైలో సైనికులు తమ ఫోన్లలోంచి తీసేయాల్సిన 89 యాప్‌ల జాబితా ఇచ్చినప్పుడు అందులో టిక్‌టాక్, పబ్‌జీలతో పాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉన్నాయి. సైన్యం జెండాను చూడలేదు, యాప్ ఏం తీసుకుంటుందో చూసింది. అంతకన్నా కలవరపెట్టే సంగతి మన సైబరాబాద్ పోలీసులు బయటపెట్టారు. 2023 మార్చిలో వాళ్లు పట్టుకున్న ముఠా అమ్ముతున్న డేటాలో 2.5 లక్షల మందికి పైగా రక్షణ సిబ్బంది వివరాలున్నాయి, వాళ్ల హోదాతో, పనిచేసే చోటుతో సహా. కొద్ది రోజులకే మరో కేసులో 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం ఒక్క మనిషి దగ్గరే దొరికింది. బీజింగులో కూర్చున్నవాడు మన మీద నిఘా పెట్టాలంటే అతనికి టిక్‌టాకే అక్కర్లేదు, ఈ బజారులో డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. చైనా కంపెనీలకు అదనపు షరతులు పెట్టండి, తప్పులేదు. ఈ బజారును మూయకుండా ఆ షరతులతో దేశ భద్రత ఏపాటి మెరుగుపడుతుంది?

పేరు నిషేధానికీ, సమాచారం మీద నిబంధనకూ ఉన్న తేడా లోన్ యాప్‌ల విషయంలో తెలంగాణకు అనుభవమైంది. 2020 డిసెంబరులో రాష్ట్రం అట్టుడికింది. సిద్దిపేట జిల్లాలో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేస్తున్న యువతి, హైదరాబాదు శివార్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన ఈ యాప్‌ల లావాదేవీల విలువ రూ.21 వేల కోట్లు. ఆ యాప్‌లు నడిచే తీరు ఒకసారి దగ్గర్నుంచి చూడండి. మనిషికి ఐదు వేలు అవసరం పడుతుంది. యాప్ దించుకోగానే తెర మీద వరసగా మూడు నాలుగు పెట్టెలు తెరుచుకుంటాయి. కాంటాక్టులు చూడనివ్వాలా, ఫొటోలు చూడనివ్వాలా, లొకేషన్ చూడనివ్వాలా అని అడుగుతాయి. ‘అలో’ నొక్కకపోతే ముందుకు కదలదు. నొక్కుతాడు. ఫీజు కింద కోసుకుని మూడున్నర వేలు చేతికిస్తారు, వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టమంటారు. ఎనిమిదో రోజు పొద్దున అతని మేనమామకు, పిల్లనిచ్చిన మామకు, పనిచేసే చోట యజమానికి ఫోన్లు మొదలవుతాయి. గ్యాలరీలోంచి తీసిన ఇంటి ఆడవాళ్ల ఫొటోలు మార్చి వాట్సాప్‌లో పంపుతారు. ఈ ఘోరం మొత్తానికీ మూలం ఆ కాంటాక్టుల జాబితా, ఆ గ్యాలరీ.

కేంద్రం రెండు పనులు చేసింది. ఒకటి, 2023 ఫిబ్రవరిలో 94 లోన్ యాప్‌లనూ 138 బెట్టింగ్ యాప్‌లనూ పేర్లు రాసి నిషేధించింది. పేరు మార్చుకుని అదే యాప్ తిరిగి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. గుర్తు మారుతుంది, రంగు మారుతుంది, లోపలి సరుకు అదే. రెండో పని అంతకుముందే, 2022 సెప్టెంబరు 2న, రిజర్వు బ్యాంకు చేసింది. అప్పులిచ్చే యాప్ ఏదైనా సరే, ఎవరిదైనా సరే, వాడకందారు కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్, ఫైళ్లు, ఫొటోల జోలికి పోకూడదని చెప్పింది. ఆ దారిలోనే గూగుల్ కూడా 2023 మే నెలాఖరు నుంచి తన ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లను కాంటాక్టులు, ఫొటోలు అడగనివ్వడం మానేసింది. దొంగ యాప్‌లు పూర్తిగా పోలేదు, లింకుల ద్వారా దించుకోమనేవి ఇంకా ఉన్నాయి. కానీ ఇప్పుడు వాటిని పట్టుకోవడానికి పేర్ల జాబితా అక్కర్లేదు, కాంటాక్టులు అడిగిందంటే అది తప్పుడు యాపే. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందిపప్పులో కల్తీ ఉందేమో చూడాల్సిన అధికారి బస్తా మీద అచ్చేసిన పేరు చదివి వెళ్లిపోడు, గుప్పెడు పప్పు తీసి అరచేతిలో పరిచి చూస్తాడు. రిజర్వు బ్యాంకు చేసింది ఆ పని. అన్ని యాప్‌ల విషయంలోనూ మేం అడుగుతున్నది అదే.

షరతులు పెట్టి నడిపించడం మన ప్రభుత్వానికి కొత్తేమీ కాదు. 2020 జూన్ జాబితాలో ఉన్న షీఇన్, 2025 ఫిబ్రవరిలో రిలయన్స్ భాగస్వామ్యంతో తిరిగి వచ్చింది, సమాచారం దేశంలోనే ఉండాలన్న ఏర్పాటుతో. పబ్‌జీ 2021లో బీజీఎంఐగా పేరు మార్చుకుని వచ్చింది, 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో షరతుల మీద మళ్లీ మొదలైంది. ఎందుకు ఆపారో, ఏం సరిచేస్తే వదిలారో దాన్ని ఆడే కుర్రవాడికి గానీ, అతని తల్లిదండ్రులకు గానీ తెలియదు. పెద్ద కంపెనీకి ఢిల్లీలో చర్చించి షరతులు కుదుర్చుకునే వీలుంది. అవే షరతులను అందరికీ వర్తించే నిబంధనలుగా అచ్చువేసి, జనం చదువుకునేలా ఎందుకు పెట్టరు?

ఈ గోప్యం 69ఏ కింద చేసిన 2009 నాటి నిబంధనల్లోనే ఉంది. 16వ నిబంధన ప్రకారం నిషేధానికి సంబంధించిన ఫిర్యాదులు, చర్యలు రహస్యంగా ఉంచాలి. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఐటీ చట్టం 66ఏ సెక్షనును కొట్టేసి 69ఏను నిలబెట్టినప్పుడు దానికి చెప్పిన ఆధారాల్లో ఒకటి, ఆదేశానికి కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి బాధితులు వాటిని కోర్టులో సవాలు చేయవచ్చన్నది. కారణాలు రాసిన కాగితం బీరువాలో ఉంటే సవాలు ఎలా చేస్తారు? మీ తండ్రిగారు జస్టిస్ కొండా మాధవరెడ్డి గారు ఆంధ్రప్రదేశ్, బొంబాయి హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. తన మీద వచ్చిన ఉత్తర్వులో ఏం రాశారో తెలుసుకునే హక్కు ఎంత ప్రాథమికమైనదో మీ ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలిసి ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. 69ఏలో పేర్కొన్న కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు వంటివి. పౌరుడి గోప్యత ఆ జాబితాలో లేనే లేదు. 2020 నాటి ప్రకటనలో గోప్యత గురించి ఎంత చెప్పినా, వాడిన చట్టం దాని కోసం చేసింది కాదు.

మీట నొక్కి ఆపేయడానికి అలవాటుపడితే అది యాప్‌ల దగ్గర ఆగదు. 2024 నవంబరు 11న దుద్యాల మండలం లగచర్లలో భూసేకరణ మీద అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టరు, అధికారుల మీద దాడి జరిగాక, దుద్యాల, కొడంగల్, బొంరాస్‌పేట మండలాల్లో ఇంటర్నెట్ నిలిపివేసినట్టు పత్రికలు రాశాయి. అది మీ నియోజకవర్గం కాదు, కానీ మన జిల్లాయే. దాడిని ఎవరూ సమర్థించరు. అయినా ఇంటర్నెట్ ఆపే ఏ ఉత్తర్వునైనా ప్రచురించి తీరాలని, అవసరానికి మించి ఆపకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ఆధార్ బయోమెట్రిక్‌తో రేషన్ తీసుకునే, ఫోన్‌పేలో కూలి డబ్బులు అందుకునే తండాల్లో ఒక్కరోజు ఇంటర్నెట్ లేకపోయినా పూట గడవడం కష్టమయ్యే కుటుంబాలున్నాయి.

ఇక ప్రభుత్వాలు పోగుచేసే సమాచారం సంగతి. 2024లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ డేటా దొంగల పాలైంది. ఆపద వస్తే వాడమని మహిళలకు ఊరూరా చెప్పిన యాప్ అది. అందులోని పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. పోలీసులు నిందితుడిని త్వరగానే పట్టుకున్నారు, కానీ వివరాలు బయటికి పోయిన ఆడపిల్లకు ఏం పరిహారం దక్కింది? స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో అక్రమంగా ఫోన్లు ట్యాప్ చేశారన్న ఆరోపణల మీద 2024 మార్చి నుంచి కేసు నడుస్తోంది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. అంతకన్నా నిశ్శబ్దంగా పేదల కడుపు కొట్టింది ‘సమగ్ర వేదిక’. వాహనాలు, కరెంటు బిల్లులు, ఆస్తుల రికార్డులన్నిటినీ కలిపి ఎవరు పేదవారో కంప్యూటర్ తేల్చే ఏర్పాటు అది. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు సరైన విచారణ లేకుండా రద్దయ్యాయన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్తే, ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కారు లేని ఇంటికి కారు ఉన్నట్టు చూపిన ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. ఈ కుటుంబాల బియ్యం పోవడానికి ఏ విదేశీ యాప్ కారణం కాదు.

2023 ఆగస్టు నాటి డేటా రక్షణ చట్టం ఈ లోటు తీర్చాలి. సమ్మతి లేకుండా తీసుకోకూడదు, చెప్పిన పనికే వాడాలి, పని అయిపోయాక చెరిపేయాలి, నిర్లక్ష్యం చేస్తే రూ.250 కోట్ల దాకా జరిమానా. మంచి మాటలే. నియమాలు రావడానికే రెండేళ్లకు పైగా పట్టింది, 2025 నవంబరులో వచ్చాయి. వాటిలో పౌరుడికి పనికొచ్చే ముఖ్యమైన భాగానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. కానీ అదే చట్టంలోని 44(3) సెక్షను మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. సమాచార హక్కు చట్టంలో, ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరాలు ఇవ్వవచ్చన్న మాటను 8(1)(జె) నుంచి తీసేసిన సెక్షను అది. 8(2)లో ప్రజా ప్రయోజన నిబంధన ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది. ఉంది, కానీ తాండూరు మున్సిపాలిటీలో బిల్లుల గురించి, మండలంలో ఉపాధి హామీ మస్టర్ల గురించి అడిగే మనిషికి ‘వ్యక్తిగత సమాచారం’ అని ఒక్క ముక్క రాసి పంపేయడం ఇప్పుడు సులువైంది. పౌరుడి సమాచారానికి రక్షణ ఏడాదిన్నర ఆగాలి, అధికారుల సమాచారానికి రక్షణ మాత్రం ఆ రోజే మొదలు కావాలి. ఈ వరుస ఎవరి కోసం? పైగా 17వ సెక్షను కింద దేశ భద్రత వంటి కారణాలు చూపి కేంద్రం ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి పూర్తిగా మినహాయించవచ్చు.

భాష సంగతి కూడా చెప్పాలి. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలని చట్టం చెప్పింది. తాండూరుకు తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ దక్కుతాయి, సంతోషం. జిల్లా నిండా ఉన్న తండాల్లో మాట్లాడే లంబాడీ ఆ షెడ్యూలులో లేదు. చదవడం రాని తల్లికి ఏ భాషలో రాసినా ఒకటే. ఆమెకు చదివి వినిపించే నోటీసు కావాలి. ఇది సాంకేతికంగా పెద్ద పని కాదని మీకు నాకన్నా బాగా తెలుసు.

మామూలు జనానికి ప్రైవసీ పట్టదు, దాచుకోవడానికి వాళ్ల దగ్గర ఏముంది అంటారు కొందరు. లోన్ యాప్ వాళ్లు బంధువులకు ఫోన్లు చేసిన ఇంటికి వెళ్లి ఈ మాట అనగలరా? 2025 నవంబరు చివర్లో కొత్త ఫోన్లన్నిటిలో ప్రభుత్వ యాప్ సంచార్ సాథీని ముందే వేసి అమ్మాలని టెలికాం శాఖ ఆదేశిస్తే, దేశమంతా అభ్యంతరం చెప్పింది, వారం తిరగకముందే ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. పట్టించుకుంటారు కాబట్టే కదా. ఇంకొందరు పిల్లల పేరు చెబుతారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లల సోషల్ మీడియా ఖాతాలను ఆపింది. అలాంటి చట్టాన్ని పరిశీలిస్తున్నట్టు ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో చెప్పారు. పిల్లల గురించి తల్లిదండ్రుల బెంగ నిజమైనదే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ 15 ఏళ్ల పిల్లవాడిని ఆపాలంటే 50 ఏళ్ల మనిషి కూడా తన వయసు రుజువు చేసుకోవాలి, అంటే ఆధారో ముఖమో సోషల్ మీడియా కంపెనీకే ఇవ్వాల్సి రావచ్చు. డేటా రక్షణ అమల్లోకి రాకముందే ఆ పని చేస్తే, పిల్లలను కాపాడబోయి ఇంటిల్లిపాది గుర్తింపు పత్రాలనూ వాళ్ల చేతుల్లో పెట్టినవాళ్లమవుతాం.

కాబట్టి వచ్చే సమావేశాల్లో ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారిని మీరు అడగాలి. 2020లో నిషేధించిన యాప్‌ల దగ్గర మిగిలిన భారతీయుల సమాచారం ఏమైంది, దాన్ని చెరిపించడానికి ప్రభుత్వం ఏం చేసింది? ఇకపై ఏ యాప్‌ను ఆపినా, వాడకందారు తన వీడియోలు, ఫొటోలు తీసుకోవడానికి గడువిచ్చి, ఆ తర్వాత కంపెనీ డేటా చెరిపేసినట్టు రుజువు చూపాలన్న షరతు చట్టంలో చేరుస్తారా? అత్యవసరంలో ముందు ఆపి తర్వాత కారణం చెప్పినా అర్థం చేసుకుంటాం. భద్రతా రహస్యాలు పోగా మిగిలిన కారణాలను ఆరు నెలల్లోనైనా ప్రచురిస్తారా? 18 నెలల గడువును, కనీసం పెద్ద కంపెనీలకూ ప్రభుత్వ యాప్‌లకూ, తగ్గిస్తారా? డేటా రక్షణ చట్టం కింద ఫిర్యాదులు వినాల్సిన డేటా రక్షణ బోర్డుకు వికారాబాదు నుంచి తెలుగులోనో ఉర్దూలోనో ఫిర్యాదు చేస్తే తీసుకుంటారా? 17వ సెక్షను మినహాయింపుల మీద, 44(3) మీద మీ పార్టీ వైఖరి ఏదైనా, మీ సొంత అభిప్రాయం ఏమిటో నియోజకవర్గానికి చెప్పండి. మంత్రి కాని సభ్యుడికి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టే హక్కుంది. రిజర్వు బ్యాంకు లోన్ యాప్‌లకు పెట్టిన నిబంధనను అన్ని యాప్‌లకూ విస్తరించే చిన్న బిల్లు ఒకటి మీరు రాయగలరు, రాయించగలరు.

మీ జవాబు తాండూరు, వికారాబాదులలో అందరూ చదివేలా పత్రికలకు ఇవ్వండి. సభలో ఏ తేదీన ఏ ప్రశ్న వేశారో, మంత్రి ఏమన్నారో అందులో ఉంటే చాలు.

ఇట్లు,
మీ నియోజకవర్గంలోని ఒక ఓటరు,
వికారాబాదు జిల్లా